మూడు చుక్కల బల్లెం

మంజీర ఒడ్డున ఒక ఊరుండేది. ఊరి నడిబొడ్డున రచ్చకట్ట, దానికి తూర్పున వేపచెట్టు కింద కమ్మరి కొలిమి. ఆ కొలిమిలో సాగిన నాగలి కర్రుకు చుట్టుపక్కల పది ఊళ్లలో పేరు. నేల ఎంత గట్టిదైనా మొన వంగేది కాదు. కమ్మరి తాతల నాటి నుంచి ఒక ఆనవాయితీ ఉండేది. కర్రయినా, కొడవలయినా, గొడ్డలయినా మొదట్లో ఉలితో మూడు చుక్కలు కొట్టేవారు. పనిలో లోపముంటే తెచ్చి అడగండి, ఇది మా చేతిదేనని ఒప్పుకుంటామని ఆ చుక్కలకు అర్థం.

ఊరికి ఒక పెద్ద ఉండేవాడు, పటేలు అనేవారు. అయిదేళ్లకోసారి ఎన్నుకునేవారు. పోటీకి నిలబడ్డవాళ్ల పేరన రచ్చకట్ట మీద కుండలు పెట్టేవారు. ఈడొచ్చిన ఆడా మగా అందరూ వరసలో వచ్చి తలా ఒక చింతగింజ నచ్చిన కుండలో వేసి పోయేవారు. ఒక ఏడు చెరువు కట్ట తెగి ఊరు అల్లాడుతున్నప్పుడు, కట్ట పోయిస్తానన్నవాడి కుండ నిండింది. అన్నమాట నిలబెట్టుకున్నాడు. కట్ట పోయించాడు, తూము బాగు చేయించాడు. మంచివాడే.

దసరా వెళ్లాక ఒక బేహారి గుర్రబ్బండిలో వచ్చి పటేలు ఇంట్లో దిగాడు. అతనికి అయిదు వందల బల్లేలు కావాలట. కర్రుకిచ్చే ధరకు మూడింతలు ఇస్తాడట.

"ఎవరికి?" అని పటేలు అడిగాడు.

"ఏటవతలి రాజుకు. అక్కడ దొంగల భయం ఎక్కువైంది."

పటేలు లెక్క వేసుకున్నాడు. ఆ డబ్బుతో రెండో తూము కట్టించొచ్చు, వాగు మీద వంతెన వేయించొచ్చు. సరేనన్నాడు. కమ్మరిని పిలిచి, "ఇది ఊరి క్షేమానికి సంబంధించిన పని, బయట అనొద్దు" అని చెప్పాడు. బల్లేల చిట్టా సందూకలో పెట్టి తాళం వేశాడు.

కొలిమి రాత్రీ పగలూ మండింది. తిత్తి ఊదడానికి ఇద్దరు, సమ్మెట వేయడానికి నలుగురు కుర్రాళ్లు పనిలో చేరారు. గడ్డి కప్పు ఉన్న ఇళ్లకు పెంకు వచ్చింది. అయిదు వందలు వెయ్యయ్యాయి, వెయ్యి రెండు వేలయ్యాయి. ఊళ్లో ఎవరూ అడగలేదు. అడగాలని కూడా ఎవరికీ తోచలేదు, ఎందుకంటే ఎవరింట్లోనూ ఏదీ తగ్గలేదు.

మూడో ఏట వానలు మొహం చాటేశాయి. ఒక గొల్లామె మందను తోలుకుని ఏరు దాటింది. అవతల రెండు రోజుల నడక దూరంలో ఒక పల్లె కాలిపోయి కనిపించింది. గోడలు నల్లగా ఉన్నాయి, బావిలో నీళ్లు వాసన కొడుతున్నాయి. ఎనిమిదేళ్ల పిల్లవాడొకడు ఒక ఇనప మొనను చేత్తో పట్టుకుని గట్టు మీద గడ్డి కోస్తున్నాడు. కర్ర కాలిపోయిన బల్లెం అది. ఆ ఇంట్లో మిగిలిన పనిముట్టు అదొక్కటే. పిల్లవాడి వేళ్లు తెగి ఉన్నాయి. గొల్లామె తన నడుముకున్న కొడవలి తీసి వాడికిచ్చి, ఆ మొన అడిగి తీసుకుంది. మసి తుడిచి చూస్తే మొదట్లో మూడు చుక్కలు. వాడికిచ్చిన కొడవలి మీదా అవే మూడు చుక్కలు.

తిరిగొచ్చి ఆ మొనను రచ్చకట్ట మీద పెట్టింది.

"పటేలా, ఇది మన కొలిమిదే గదా?"

"మనదే."

"ఏటవతల కాలిన పల్లెల దొరికింది. దొంగలెవ్వరు లేరాడ. మనసొంటోళ్లే, జొన్న ఏసుకునెటోళ్లు, గొర్లు కాసుకునెటోళ్లు."

"మనం అమ్మినం. కొన్నోడు ఎవల మీద ఎత్తుతడో మనకేమెరుక? అయినా నన్ను పెద్దను జేసింది మీరే. నీ గింజ గూడ నా కుండలనే పడ్డది."

"పడ్డది. నా గింజ చెరువు కట్టకు ఏసిన. బల్లేల ముచ్చట ఆనాడు మాకెవ్వరు జెప్పిండ్రు?"

కమ్మరి లేచాడు. "చెల్లె, ఆ కొలిమి మీద పది ఇండ్లు బతుకుతున్నయి. ఉత్త కర్రులు జేసిననాడు ఏడాదికి రెండు నెలలు పస్తులున్నం. అది గూడ యాదిల పెట్టుకో."

"నీ పొట్ట గొట్టనీకి రాలేదన్నా," అంది గొల్లామె. ఆ రోజు అంతకుమించి మాట సాగలేదు.

మళ్లీ కుండలు పెట్టే ఏడొచ్చింది. పాత పటేలు వంతెన వేయిస్తానన్నాడు. ఎదుటివాడు ధాన్యం కొట్టు కట్టిస్తానన్నాడు. బల్లేల సంగతి అడిగితే ఇద్దరూ ఒకే మాటన్నారు: "అది పెద్దల వ్యవహారం." ఏ కుండలో వేస్తే ఏముందని కొందరు గింజ జేబులోనే పెట్టుకుని ఇంటికి పోయారు. కుండలు కాస్త వెలితిగా ఉన్నాయి, అంతే. పాత పటేలే గెలిచాడు. గింజ వేయనివాళ్లను ఎందుకు వేయలేదని ఎవరూ అడగలేదు.

గొల్లామె అయిదేళ్లు ఓపిక పట్టింది. ఈసారి కుండల దగ్గరకు పోకుండా ముందు ఇంటింటి తలుపు దగ్గరకు పోయింది. బల్లేలు ఆపమని అడిగించలేదు. అలా అడిగిస్తే కొలిమి మీద బతికే పది ఇండ్లూ ఎదురు తిరుగుతాయని ఆమెకు తెలుసు. గింజ అడగడానికి వచ్చే పోటీదారులను ఒక్కటే అడగమంది: "బల్లెం ఎవరికి పోతున్నదో చిట్టా రచ్చకట్ట మీద చదువుతవా?" ఆమెతో మొదట కలిసి నడిచింది ఎవరో కాదు, కమ్మరి భార్య. "నా పెనిమిటి కొట్టిన చుక్కలు ఏడ దేలుతున్నయో నాకు తెలవాలె," అందామె.

పోటీదారు మొదటి తలుపు దగ్గర నవ్వి తప్పుకున్నాడు. అయిదో తలుపు దగ్గర విసుక్కున్నాడు. పదో తలుపు దగ్గరా అదే ప్రశ్న వినబడేసరికి, "సరే, చదువుతా" అన్నాడు. ఆ మాట సాయంత్రానికి పాత పటేలు చెవిన పడింది. పొద్దుగూకేలోపు ఆయనా చదువుతానన్నాడు. అలా ఎవరు గెలిచినా చిట్టా తెరుచుకోక తప్పని పరిస్థితి వచ్చింది. గెలిచింది మళ్లీ పాత పటేలే.

సంక్రాంతి పోయిన మర్నాడు సందూక తెరిచి చదివాడు. ఎన్ని, ఎవరికి, ఎంతకు. చదువుతుంటే ఆయన గొంతే తడబడింది. ఆ ఏడు వచ్చిన రెండు బేరాల్లో ఒకటి ఒప్పుకున్నారు, ఒకటి కాదన్నారు. కాదన్న బేరం వల్ల కొలిమికి నష్టం వచ్చింది. ఊరు ఆ నష్టాన్ని కమ్మరి ఒక్కడి మీద వదిలేయలేదు. కమ్మరికిచ్చే మేర ధాన్యం పెంచారు, పది ఊళ్ల కర్రుల పని మాట్లాడిపెట్టారు. అయినా ముందటంత రాబడి లేదు. ఆ మాట దాచి లాభం లేదు.

కొన్నేళ్లు చిట్టా చదివారు. ఒక ఏడు అదను మంచిదై అందరూ పొలాల్లో ఉండిపోయారు, రచ్చకట్ట దగ్గరకు ఎవరూ రాలేదు. ఆ ఏడు చదవలేదు. మర్నాటేడు గొల్లామె ఒక్కతే వచ్చి కూర్చుంటే మళ్లీ చదివారు.

నీతి: ఓటుకు ముందు అడగని మాటకు ఓటు తర్వాత జవాబు రాదు. అడిగి రాబట్టుకున్న జవాబు కూడా అడుగుతూ ఉన్నన్నాళ్లే నిలుస్తుంది.

ఈ కథ సంగారెడ్డి జిల్లాలో చెప్పుకోవాల్సిన కథ. ఇక్కడ కొలిమి నిజంగానే ఉంది. ముంబై రోడ్డు మీద భెల్ దాటి పటాన్‌చెరు వస్తుంది. అక్కడికి చేరువలోని భానూర్‌లో భారత్ డైనమిక్స్ యూనిట్ ఉంది, ట్యాంకులను ఛేదించే క్షిపణులు అక్కడ తయారవుతాయి. సంగారెడ్డి వైపు కంది దాటి లోపలికి పోతే ఎద్దుమైలారం ఆర్డినెన్స్ ఫ్యాక్టరీ. ఇక్కడివాళ్లకు అది ఓడీఎఫ్. 1984లో, ఇందిరాగాంధీ మెదక్ ఎంపీగా, ప్రధానిగా ఉన్న కాలంలో అది మొదలైంది. సైనికులను మోసుకుంటూ, నీళ్లలో ఈదుతూ, ముప్పై మిల్లీమీటర్ల ఫిరంగితో పోరాడే 'శరత్' వాహనాలు అక్కడివే. 

ఆ ఫ్యాక్టరీ కార్మికులకు ఓటు బలమెంతో, బలహీనత ఎంతో మనకంటే బాగా తెలుసు. దేశంలోని ఆర్డినెన్స్ ఫ్యాక్టరీలను కార్పొరేషన్లు చేయొద్దని 2019 ఆగస్టు 20న దేశవ్యాప్తంగా సమ్మెకు దిగారు. నెల రోజులనుకున్న సమ్మెను చర్చల హామీతో కొద్ది రోజులకే ఆపారు. 2021 జూన్ 30న సమ్మెలను అడ్డుకునే ఆర్డినెన్స్ వచ్చింది, ఆగస్టులో చట్టమైంది. ఆ చట్టం కింద రక్షణ ఉత్పత్తుల్లో నిషేధించిన సమ్మె చేస్తే ఏడాది దాకా జైలు, పది వేల దాకా జరిమానా ఉండేది. అక్టోబర్ 1న 41 ఫ్యాక్టరీలు 7 కంపెనీలయ్యాయి. ఎద్దుమైలారం ఫ్యాక్టరీ ఆవడి కేంద్రంగా ఉన్న ఆర్మర్డ్ వెహికల్స్ నిగమ్‌లో కలిసింది. 2019లో ఓటేసిన కార్మికుడు రెండేళ్లు తిరిగేసరికి తన సంస్థ పేరు, తన సమ్మె హక్కు రెండూ మారిపోవడం చూశాడు. ఆయుధం చేసే చేతికే ఆ విధానంలో ఇంత తక్కువ మాట దక్కితే, ఆయుధం ఎవరికి అమ్మాలన్న దాంట్లో మిగతావాళ్లకు ఎంత దక్కుతుంది?

అమ్మకం మాత్రం పెరుగుతోంది. 2013-14లో మన రక్షణ ఎగుమతులు 686 కోట్ల రూపాయలు. 2023-24లో 21,083 కోట్లు. 2024-25లో 23,622 కోట్లు, అందులో ప్రభుత్వ రంగ సంస్థల వాటా 8,389 కోట్లు. 2029 నాటికి 50,000 కోట్లు చేయాలన్నది ప్రభుత్వ లక్ష్యం. ఈ మొత్తాలు ఏటా ఘనంగా ప్రకటిస్తారు. ఏ దేశానికి ఏ ఆయుధం ఎంత అన్న పూర్తి జాబితా మాత్రం ప్రజల ముందు పెట్టరు. అనుమతి కాగితం ఢిల్లీలో రక్షణ ఉత్పత్తుల విభాగంలో పుడుతుంది. దాని మీద లోక్‌సభలో చేతులెత్తే పని లేదు. 2013 ఏప్రిల్‌లో ఐక్యరాజ్యసమితి ఆయుధ వాణిజ్య ఒప్పందాన్ని ఆమోదించినప్పుడు మన దేశం ఓటింగ్‌కు దూరంగా ఉండిపోయింది. ఇప్పటికీ అందులో చేరలేదు.

ఒక్క అమ్మకాన్ని దగ్గరగా చూద్దాం. భారత్ డైనమిక్స్ తయారుచేసే తేలికపాటి టార్పెడోలను మయన్మార్ నౌకాదళానికి ఇవ్వడానికి 2017లో సుమారు 3.8 కోట్ల డాలర్ల ఒప్పందం బయటికొచ్చింది. 2019లో తొలి విడత వెళ్లింది. ఈ మధ్యలో, 2017 ఆగస్టు నుంచి, మయన్మార్ సైన్యం దాడులకు ఏడు లక్షల మందికి పైగా రోహింగ్యాలు బంగ్లాదేశ్‌కు పారిపోయారు. 2021 ఫిబ్రవరిలో అదే సైన్యం ఎన్నికైన ప్రభుత్వాన్ని కూల్చింది. న్యాయంగా చెప్పాలంటే టార్పెడో జలాంతర్గామి మీదికి పోయే ఆయుధం, రోహింగ్యాల ఇళ్లను తగలబెట్టింది అది కాదు. కానీ కొన్నది ఆ సైన్యమే. ఇళ్లు కాలిన రోహింగ్యా కుటుంబాలు కొన్ని మన హైదరాబాద్ బాలాపూర్‌లో గుడిసెలు వేసుకుని బతుకుతున్నాయి. భారత్ డైనమిక్స్ పాత కేంద్రమైన కంచన్‌బాగ్ అక్కడికి ఎంతో దూరం లేదు. ఏటవతలి పల్లె అంటే ఎక్కడో ఉందనుకుంటాం, అది సిటీ బస్సు దూరంలో ఉంది.

మరొకటి. 2018 డిసెంబర్‌లో హైదరాబాద్ శివార్లలో అదానీ, ఇజ్రాయెల్ సంస్థ ఎల్బిట్ కలిసి డ్రోన్ల ఫ్యాక్టరీ తెరిచాయి. అక్కడ తయారైన హెర్మిస్ 900 డ్రోన్లు ఇజ్రాయెల్‌కు వెళ్లాయని 2024 ఫిబ్రవరిలో వార్తలొచ్చాయి. గాజాలో బాంబులు పడుతున్న రోజులవి. అదే నెలలో రేవు కార్మికుల సమాఖ్య ఇజ్రాయెల్‌కు పోయే ఆయుధ సరుకును ఎక్కించబోమని, దించబోమని ప్రకటించింది. మే 13న తెలంగాణ ఓటేసింది. సెప్టెంబర్ 9న, ఇజ్రాయెల్‌కు ఆయుధ ఎగుమతులు ఆపమని మాజీ అధికారులు, మేధావులు వేసిన పిటిషన్‌ను సుప్రీంకోర్టు కొట్టేసింది. విదేశాంగ విధానం ప్రభుత్వానిది, అందులోకి మేం రాలేమంది. కోర్టు చెప్పిన దారి సరైనదేనని నేననుకుంటున్నాను. ఆ తలుపు మూసుకున్నాక మిగిలింది పార్లమెంటు, అంటే ఓటరు. మరి ఓటరును ఆ ఏడాది ఎవరడిగారు? ఓటరు మాత్రం ఎవరిని అడిగాడు?

ఓటుతో ఏమీ మారదనేవాళ్లు నాకు చాలామంది తారసపడతారు. వాళ్ల నిరాశ నాకు అర్థమవుతుంది, ఆ తీర్పును మాత్రం ఒప్పుకోను. మన నేల మీదే రుజువులున్నాయి. 1996లో ఫ్లోరైడ్ నీళ్లతో ఎముకలు వంగిపోయిన నల్గొండ జిల్లాలో, లోక్‌సభ స్థానానికి నిరసన నామినేషన్లతో 480 మంది పోటీలో నిలిచారు. పోలింగ్ వాయిదా పడింది, బ్యాలెట్ పుస్తకమైంది, దేశమంతా నల్గొండ నీళ్ల గురించి మాట్లాడింది. ఆ ఏడాదే లోక్‌సభ డిపాజిట్‌ను 500 నుంచి 10,000కు పెంచారు. ప్రశ్న అడిగినవాళ్ల దారిలో ముల్లు వేయడం కూడా ఒక జవాబే. అంటే తగలాల్సిన చోట తగిలిందన్నమాట.

2019లో నిజామాబాద్ పసుపు రైతులు అదే దారి పట్టారు. బరిలో 185 మంది, వాళ్లలో అత్యధికులు రైతులు. సిట్టింగ్ ఎంపీగా ఉన్న అప్పటి ముఖ్యమంత్రి కూతురు ఓడిపోయారు. పసుపు బోర్డు తెస్తానని బాండ్ పేపర్ మీద రాసిచ్చినవారు గెలిచారు. బోర్డు 2023 అక్టోబర్‌లో ప్రకటించారు, 2025 జనవరిలో నిజామాబాద్ కేంద్రంగా ప్రారంభించారు. ఆరేళ్లు పట్టింది, అయినా వచ్చింది. అంతకు ముందు సారా మీద నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు లేచినప్పుడు 1993లో సారా నిషేధం, 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. 1997లో మద్యం తిరిగొచ్చింది. కథలో రచ్చకట్ట ఖాళీగా ఉన్న ఏడు లాంటిదే అది.

పసుపు బోర్డు వేరు, ఆయుధాల ఎగుమతి వేరు కదా అనొచ్చు. నిజమే. పసుపు ధర పడితే రైతు ఇంట్లో పొయ్యి ఆరిపోతుంది, బల్లెం ఎవరికి పోయినా మన పొయ్యి ఆరదు. అందుకే దీని మీద ఓటరును కదిలించడం కష్టం, అందుకే ఇంకా ఎక్కువ పట్టుదల కావాలి. దేశ భద్రత రహస్యమనే మాట కూడా వస్తుంది. మన సైన్యం దగ్గర ఏముందో, ఎక్కడుందో రహస్యంగానే ఉండాలి, అందులో నాకు సందేహం లేదు. ఇంకో దేశానికి అమ్మిన సరుకు సంగతి అది కాదు. కొన్నవాడికి తెలుసు, అమ్మినవాడికి తెలుసు, ఆ ఆయుధం ఎవరి మీద పేలిందో వాళ్లకు మరీ బాగా తెలుసు. తెలియనిది ఓటరుకే.

అమెరికాలో పెద్ద ఆయుధ అమ్మకాలను ముందుగా చట్టసభకు తెలియజేయాలని 1976 నుంచి చట్టముంది. 2019లో సౌదీ అరేబియా, యూఏఈలకు ఆయుధాలు అమ్మొద్దని అక్కడి రెండు సభలూ తీర్మానించాయి. అధ్యక్షుడు ట్రంప్ వీటో చేశాడు, అమ్మకం ఆగలేదు. కానీ ఏ సభ్యుడు ఎటు ఓటేశాడో రికార్డులో ఉంది. తర్వాతి ఎన్నికలో అక్కడి ఓటరు ఆ పేరు పట్టుకుని అడగగలిగాడు. మన ఓటరు చేతిలో ఆ కాగితం కూడా లేదు.

కాబట్టి ఎద్దుమైలారం కార్మికుడినీ, భానూర్ ఇంజనీరునూ, పటాన్‌చెరు, ఇస్నాపూర్ కాలనీల ఓటర్లనూ నేను కోరేది పెద్దదేమీ కాదు. ఫ్యాక్టరీ మూయమని కాదు, ఎవరి జీతమూ పోవాలని కాదు. సంగారెడ్డి, పటాన్‌చెరు రెండూ మెదక్ లోక్‌సభ స్థానంలోనే ఉన్నాయి. వచ్చే లోక్‌సభ ఎన్నికలు 2029లో రావాలి, 50,000 కోట్ల ఎగుమతి లక్ష్యానికి గడువూ ఆ ఏడాదే. ఆ ఎన్నికకు మీ వీధిలోకి వచ్చే ప్రతి అభ్యర్థినీ, ఏ జెండా మోసినా సరే, ఒక్క ప్రశ్న అడగండి: ఏ దేశానికి ఏ ఆయుధం అమ్మామో ఏటా పార్లమెంటు ముందు పెట్టాలని మీరు సభలో అడుగుతారా, లేదా? జవాబు కాగితం మీద రాయించుకోండి. నిజామాబాద్ రైతులు రాయించుకున్నారు.